గుర్రం పదిమందిది, కళ్ళెం ఎవరిది?

పందెపు గుర్రాన్ని నలుగురైదుగురు కలిసి కొనాలనుకున్నప్పుడు ముందుగా తేల్చుకునేది డబ్బు సంగతి. ఎవరు ఎంత వేయాలి, నెలనెలా ట్రైనర్‌కు కట్టే మొత్తంలో ఎవరి భాగం ఎంత, గెలిస్తే వచ్చే బహుమతి సొమ్ము ఎలా పంచుకోవాలి. వాటాలు తెలిస్తే మిగిలినదంతా భాగహారమే కాబట్టి ఈ లెక్కలు ఒక్క సాయంత్రంలో తేలిపోతాయి. మాట్లాడుకోకుండా వదిలేసేది మరొకటి ఉంది. గుర్రం కాలికి దెబ్బ తగిలితే లక్షలు పెట్టి వైద్యం చేయించాలా? మంచి ధర వచ్చిన రోజున అమ్మేయాలా, ఉంచుకోవాలా? ట్రైనర్‌ను మార్చాలని ఇద్దరికీ, వద్దని ముగ్గురికీ అనిపిస్తే ఎవరి మాట చెల్లుతుంది? ఉమ్మడి బోరు మీద సేద్యం చేసే రైతులకు ఈ చిక్కు బాగా తెలుసు. నీటి వంతులు రాసుకున్నంత తేలిగ్గా, మోటారు కాలిపోయిన రోజున బాగుచేయించాలో కొత్తది కొనాలో ఎవరు చెప్పాలన్నది రాసుకోరు. గుర్రంలో వాటా కొనబోయేవారు ఓటమికి ఎలాగూ సిద్ధపడే వస్తారు. వాళ్ల మధ్య పేచీ పుట్టేది నిర్ణయాధికారం ఎవరిదో ముందే తేల్చుకోని చోట. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క విషయం మీదే.

దానికి ముందు లాభాల ఆశను కాస్త నిదానంగా పరీక్షించాలి. ఆ ఆశ ఉన్నంతసేపూ మిగిలిన విషయాలు చెవికెక్కవు. వేల్స్‌లోని కెవన్ ఫారెస్ట్ అనే పాత బొగ్గుగనుల ఊళ్లో, సూపర్‌మార్కెట్‌లో ఊడ్చి తుడిచే పని చేసుకునే జ్యాన్ వోక్స్ అనే మహిళ, ఆమె భర్త కలిసి రూబెల్ అనే ఆడగుర్రాన్ని 350 పౌండ్లకు కొన్నారు. దానికి 2001లో పుట్టిన పిల్లను పెంచడానికి ఊరివాళ్లు 23 మంది వారానికి తలా 10 పౌండ్లు వేశారు. అంటే అందరిదీ కలిపి వారానికి 230 పౌండ్లు, ఏడాదికి దాదాపు 12 వేలు. డ్రీమ్ అలయన్స్ అని పేరు పెట్టుకున్న ఆ గుర్రం 2009 డిసెంబరులో చెప్‌స్టోలో వెల్ష్ గ్రాండ్ నేషనల్ గెలిచింది. దాని మీద డాక్యుమెంటరీ వచ్చింది, సినిమా వచ్చింది. గుర్రం తన జీవితంలో సంపాదించిన బహుమతి సొమ్ము 1,38,000 పౌండ్ల పైచిలుకు. ఖర్చులన్నీ పోగా ఒక్కో సభ్యుడికి మిగిలిన లాభం 1,430 పౌండ్లు. భాగస్వామ్యపు గుర్రాల చరిత్రలో ఇంతకన్నా అదృష్టవంతమైన కథలు ఎన్నో ఉండవు. అంత అదృష్టానికి, అన్నేళ్ల నిరీక్షణకు దక్కింది అది. మామూలు గుర్రం కొన్నవారు ఏ లెక్క వేసుకోవాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మన దేశంలో పన్ను చట్టం కూడా ఈ వ్యవహారాన్ని మామూలు వ్యాపారంగా చూడలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 74ఎ సెక్షన్ ప్రకారం, పందెపు గుర్రాల పోషణలో వచ్చిన నష్టాన్ని జీతంలోంచో, వేరే వ్యాపారపు లాభంలోంచో, ఇంటి అద్దెలోంచో తీసేసుకోవడానికి వీల్లేదు. అదే రకం ఆదాయంతోనే సర్దుకోవాలి. అప్పటికీ మిగిలిన నష్టాన్ని నాలుగేళ్లకు మించి ముందుకు తీసుకుపోకూడదు. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి తాజా నిబంధన ఏమిటో ఆడిటర్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది. ఆ సెక్షన్ వెనుక ఉన్న ఆలోచన మాత్రం స్పష్టమే. గుర్రం మీద పోయిన డబ్బును మరోచోట పన్ను తగ్గించుకునే దారిగా వాడుకోనివ్వరు. కాబట్టి హైదరాబాద్ మలక్‌పేటలో పరిగెత్తే గుర్రంలో ఐదో వంతు వాటా కొనేవారు ఆ సొమ్మును తిరిగి రాని ఖర్చు కింద రాసుకుని, నెల ఖర్చులు ఇబ్బంది లేకుండా భరించగలిగితేనే ముందుకు వెళ్లాలి. గుర్రం పరిగెత్తినా పరిగెత్తకపోయినా దాణా ఆగదు. సైసు జీతం, నాడాలు, పశువైద్యుడి బిల్లు, ట్రైనర్ రుసుము ఆగవు.

మరి డబ్బు రానిదానికి ఇంతమంది ఎందుకు వెళ్తున్నారు? జవాబు అమెరికాలోని సకటోగా స్టేబుల్ కథలో దొరుకుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సాకెట్స్ హార్బర్ అనే చిన్న ఊరి స్నేహితులు 1995లో తలా 5 వేల డాలర్లు వేసుకుని మొదలుపెట్టిన భాగస్వామ్యం అది. తర్వాత వాళ్లు 75 వేల డాలర్లకు కొన్న ఫనీ సైడ్ 2003లో కెంటకీ డర్బీ, ప్రీక్‌నెస్ రెండూ గెలిచింది. డర్బీకి వాళ్లంతా పసుపు రంగు స్కూలు బస్సులో వెళ్లారు. ఆ వరసలో మూడో పెద్ద పందెమైన బెల్మాంట్‌లో అది మూడో స్థానంలో ఆగిపోయింది. వృషణాలు తీసేసిన గుర్రం కాబట్టి, మామూలుగా డర్బీ విజేతకు సంతానోత్పత్తి ద్వారా వచ్చే పెద్ద ఆదాయం దానికి లేదు. అయినా ఆ స్నేహితులను అమెరికా ఇప్పటికీ గుర్తుపెట్టుకుంది. వాళ్లు కొనుక్కున్నది 'మా గుర్రం' అనగలిగే హక్కు. పొద్దున్నే కసరత్తుకు వెళ్లి చూడడం, పందెంలో దిగే ముందు ట్రైనర్‌తో నిలబడి మాట్లాడడం, ఓడినా గెలిచినా ఆ సాయంత్రం కలిసి భోంచేయడం. ఇదే ప్రతిఫలం.

ఈ చోట కొంచెం ఆగి ఆలోచించాలి, వాదం మొత్తం దీని మీదే నిలబడింది. పెట్టిన డబ్బుకు దక్కేది డబ్బు కాకుండా 'నాది' అన్న భావమే అయితే, ఆ భావం నిలబడేది తన మాటకు విలువ ఉన్నప్పుడే. షేర్ మార్కెట్లో వాటా ఉన్నవాడిని కంపెనీ ఏమీ అడగకపోయినా బాధపడడు, డివిడెండ్ వస్తే చాలు. గుర్రంలో వాటా ఉన్నవాడికి చెప్పకుండా గుర్రాన్ని వేరే ఊరి పందేనికి పంపిస్తే, తాను కొనుక్కున్న వస్తువునే ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది. అందుకే ఈ రంగంలో నిర్ణయాల మీద వచ్చే తగాదాలు డబ్బు తగాదాల కన్నా చేదుగా ఉంటాయి. ఇంకో సంగతి కూడా ఇందులోంచే వస్తుంది. ఆ చేదు ఎక్కువగా బయటపడేది గుర్రం బాగా పరిగెత్తుతున్నప్పుడే. ఓడిపోయే గుర్రం విషయంలో పెద్దగా తేల్చుకోవాల్సిందేమీ ఉండదు. గెలిచే గుర్రం వచ్చాకే అమ్మకం, విదేశీ పందెం, స్టడ్ (సంతానోత్పత్తి) ఒప్పందం లాంటి ప్రశ్నలు వరసకడతాయి.

కాలిఫోర్నియా క్రోమ్ కథ దీనికి గట్టి ఉదాహరణ. పెర్రీ మార్టిన్, స్టీవ్ కోబర్న్ కలిసి 8 వేల డాలర్లకు ఒక ఆడగుర్రాన్ని కొన్నారు. 2 వేల డాలర్ల రుసుముతో దాన్ని దాటించారు. పుట్టిన పిల్ల 2014లో కెంటకీ డర్బీ, ప్రీక్‌నెస్ గెలిచింది. డర్బీకి ముందు 51 శాతం వాటాకు 60 లక్షల డాలర్లు ఇస్తామని ఎవరో వస్తే ఇద్దరూ కాదన్నారు. అంతవరకూ వాళ్ల మాట ఒక్కటే. గెలుపులు వచ్చాక దారులు వేరయ్యాయి. 2015లో గుర్రాన్ని దుబాయ్ నుంచి ఇంగ్లండ్ పంపడం తనకు ఇష్టం లేదని కోబర్న్ బహిరంగంగానే చెప్పాడు. వాటాల్లో 70 శాతం మార్టిన్‌ది, 30 శాతం కోబర్న్‌ది. ఆ వేసవిలోనే కోబర్న్ వాటాను టేలర్ మేడ్ ఫార్మ్ కొనుక్కుంది. మరుసటి ఏడాది మార్చిలో గుర్రం దుబాయ్ వరల్డ్ కప్ గెలిచినప్పుడు మొదటినుంచీ వెంట ఉన్న ఆ రెండో భాగస్వామి యజమానుల్లో లేడు. ఇద్దరిలో ఎవరిది తప్పు అనేది నా ప్రశ్న కాదు. ఎక్కువ వాటా ఉన్నవారి మాట నెగ్గడం న్యాయమే. 30 శాతం వాటా అంటే ఏ విషయాల్లో మాట ఉంటుంది, ఏ విషయాల్లో ఉండదు అన్నది 8 వేల డాలర్ల గుర్రం దగ్గర తేల్చుకోవడం సులువు. కోట్లు పలికే గుర్రం దగ్గర అదే పని చాలా కష్టం.

జాకీ ఎంపిక మరింత సున్నితమైన చోటు, ఎందుకంటే చూసేవాళ్లందరికీ అందులో అభిప్రాయం ఉంటుంది. 2015 మెల్బోర్న్ కప్‌ను ఒకటికి వంద ధర పలికిన ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ మీద మిషెల్ పేన్ గెలిచింది. ఆ పందెం గెలిచిన మొదటి మహిళా జాకీ ఆమే. గెలిచిన వెంటనే ఆమె చెప్పిన మాటల్లో ఒకటి, యజమానుల్లో కొందరు తనను తప్పించాలనుకున్నారని, ట్రైనర్‌తో పాటు యజమానుల్లో ఒకరు తన వెనుక గట్టిగా నిలబడ్డారని. జాకీ మారి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఎక్కువమంది మాట ఎప్పుడూ తప్పే అని దీని నుంచి తీర్మానించకూడదు. కానీ ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. రోజూ గుర్రాన్ని చూసే మనిషి చేతిలో ఉండాల్సిన నిర్ణయం, వారానికోసారి చూసేవాళ్ల ఓటింగ్‌కు పోకూడదు. జాకీ ఎవరు, ఏ పందెంలో దింపాలి, ఎంత దూరం పరిగెత్తించాలి అన్నవి ట్రైనర్‌కే వదలాలి. ట్రైనర్ మీద నమ్మకం పోతే ట్రైనర్‌ను మార్చాలా అన్న ప్రశ్నే భాగస్వాముల ముందుకు రావాలి.

స్నేహితుల మధ్య ఇంత కాగితం అవసరమా అని చాలామంది అడుగుతారు. ఒకరినొకరు నమ్మలేనివాళ్లు అసలు కలిసి గుర్రం కొనకూడదు కదా అంటారు. ఆ మాటలో నిజముంది. నమ్మకం లేని చోట ఎంత మంచి ఒప్పందమూ నిలవదు. అయితే ఈ ఒప్పందం మోసం నుంచి రక్షణ కోసం కాదు. ఇద్దరు నిజాయితీపరులు ఒకే గుర్రం గురించి రెండు మంచి అభిప్రాయాలతో ఉండవచ్చు. ఒకరికి గుర్రం మీద ప్రేమ ఎక్కువ, దాన్ని ఇంకో సీజన్ విశ్రాంతిగా ఉంచాలనుకుంటారు. ఇంకొకరికి పిల్ల పెళ్లి దగ్గరపడింది, వాటా అమ్ముకోవాలనుకుంటారు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. అలాంటప్పుడు కాగితం లేకపోతే పెద్దమనుషుల మొహమాటం పనిచేస్తుంది, మొహమాటం ఎక్కువ ఉన్నవారే నష్టపోతారు. నమ్మకానికి బదులుగా రాసుకునేది కాదు అది, నమ్మకం ఉన్నప్పుడు మాత్రమే ప్రశాంతంగా రాసుకోగలిగేది.

చట్టం ఉంది కదా, అది చూసుకుంటుంది అనేవారూ ఉన్నారు. చట్టం ఏమంటుందో చూస్తే ఈ ధీమా తగ్గుతుంది. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరుగా ఒప్పందం లేకపోతే భాగస్వాములు లాభనష్టాలను సమానంగా పంచుకోవాలి. 40 శాతం డబ్బు పెట్టినవారికీ, 10 శాతం పెట్టినవారికీ ఒకే లెక్క అవుతుంది. మామూలు విషయాల్లో భేదాభిప్రాయం వస్తే భాగస్వాముల్లో ఎక్కువమంది మాట చెల్లుతుంది. వ్యాపార స్వరూపమే మారిపోయే విషయానికి అందరి ఒప్పుదలా కావాలి. గుర్రాన్ని పందేల నుంచి తప్పించి స్టడ్‌కు పంపడం మామూలు విషయమా, స్వరూపం మారడమా? దీని మీద ఇద్దరు లాయర్లు రెండు రకాలుగా వాదించగలరు. పైగా ఉమ్మడి ఆస్తి మీద వచ్చే రాబడిని పంచుకున్నంత మాత్రాన వాళ్లు భాగస్వాములు అయిపోరని అదే చట్టంలోని ఆరో సెక్షన్ చెబుతోంది. అంటే మీది భాగస్వామ్యమా, ఉత్త ఉమ్మడి యాజమాన్యమా అన్నదే మొదటి వివాదం కావచ్చు. భాగస్వామ్యమే అయితే సంస్థ చేసిన అప్పుకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడు. ఒకరు ట్రైనర్ బిల్లు ఎగ్గొడితే మిగిలినవారి మెడకు చుట్టుకుంటుంది. రేస్ క్లబ్బులో యజమానుల పేర్లు నమోదు చేసుకుంటే గుర్రం ఎవరిదో తేలుతుంది. మీలో మీకు మధ్య ఉన్న ఈ ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదు.

కాబట్టి రాసుకోవాలి. ఎలా రాసుకోవాలి అంటే, నా దృష్టిలో రోజువారీ వ్యవహారాలకు ఒక నిర్వాహక భాగస్వామిని పెట్టుకుని, ట్రైనర్‌తో మాట్లాడే పని ఆ ఒక్కరికే అప్పగించడం ఉత్తమం. ఐదుగురు యజమానులు ఐదుసార్లు ఫోన్ చేస్తే ట్రైనర్ ఎవరి మాటా వినడు. ఆ నిర్వాహకుడు నెలకోసారి ఖర్చుల లెక్క, గుర్రం ఆరోగ్యం, రాబోయే పందేల వివరం అందరికీ పంపాలి. అమ్మకం, ట్రైనర్ మార్పు, ఒక పరిమితి దాటిన వైద్యం ఖర్చు, పందేల నుంచి విరమణ మాత్రం అందరి ముందుకూ రావాలి. వాటా లెక్కన మూడింట రెండు వంతుల ఒప్పుదల చాలా, అందరూ ఒప్పుకోవాలా అన్నది ఆ గుంపు పరిమాణాన్ని బట్టి. ఇరవై మంది ఉన్న చోట అందరి ఒప్పుదలా అంటే ఏ పనీ జరగదు. ఇద్దరే అయితే సగం సగం వాటా పెట్టుకోకపోవడమే నయం. పెట్టుకుంటే ప్రతిష్టంభన వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే పేరు రాసుకోవాలి.

పందెం కాసే అలవాటు ఉన్న భాగస్వామి గురించి ఎవరూ నోరు విప్పరు, కానీ విప్పాలి. గుర్రాన్ని సొంతం చేసుకోవడం ఒక పని, దాని మీద డబ్బు కాయడం వేరే పని. ఒకే మనిషి రెండూ చేస్తున్నప్పుడు అతని ప్రయోజనం మిగిలినవారి ప్రయోజనంతో కలవకపోవచ్చు. గుర్రాన్ని ఎప్పుడు దింపితే పందెం ధర బాగుంటుందన్నది అతని ఆలోచన, ఎప్పుడు దింపితే గుర్రానికి మంచిదన్నది మిగిలినవారి ఆలోచన. నిర్వాహక బాధ్యత పెద్ద మొత్తాలు కాసేవారికి ఇవ్వకూడదన్న నియమం ఒక్కటి ఉంటే ఎన్నో అనుమానాలు పుట్టకముందే పోతాయి.

అన్నీ ముందే కట్టేసుకుంటే అవకాశాలు చేజారవా అన్న అభ్యంతరం గట్టిది. దానికి సెక్రటేరియట్ అనే అమెరికా పందెపు గుర్రం కన్నా పెద్ద సాక్ష్యం లేదు. 1973 జనవరిలో తండ్రి చనిపోయాక, వారసత్వ పన్ను భారం మీద పడడంతో, దాని యజమాని పెన్నీ చెనరీ కుటుంబం ఆ గుర్రాన్ని వాటాకు 1,90,000 డాలర్ల చొప్పున 32 వాటాలుగా మార్చింది. వాటి మొత్తం విలువ 60 లక్షల 80 వేల డాలర్లు. మూడేళ్ల వయసు పందేలు ముగిశాక గుర్రం స్టడ్‌కు వెళ్లాలన్నది ఒప్పందం. ఆ ఏడాది అది డర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ గెలిచి, బెల్మాంట్‌లో 31 గుర్రాల పొడవు తేడాతో ముగించింది. అభిమానులు ఎంత కోరుకున్నా నాలుగో ఏట అది పరిగెత్తలేదు. అది నిజమైన నష్టమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ గుర్రం విలువ ఆకాశానికి ఎక్కిన ఆ ఏడాది చివర, ఇంకో సీజన్ ఉంచాలా వద్దా అన్న ప్రశ్న 32 వాటాల మధ్యకు రాకుండా పోయింది. పెద్ద వాటాల భాగస్వామ్యంలో ఆ శాంతికి విలువ ఉంది. చిన్న గుంపులు మరీ బిగించుకోకుండా, మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే గడువు పొడిగించవచ్చని రాసుకుంటే సరిపోతుంది.

బయటికి వెళ్లే దారి కూడా అప్పుడే రాసుకోవాలి. వరసగా రెండు నెలలు భాగం కట్టనివారి వాటా ఏమవుతుంది, వెళ్లిపోవాలనుకున్నవారి వాటాను ముందుగా ఎవరికి చూపించాలి, ధర ఎవరు కట్టాలి అన్నవి. ధరను క్లబ్బుతో సంబంధం ఉన్న, భాగస్వాములెవరికీ బంధువు కాని పశువైద్యుడితోనో, వేరే ట్రైనర్‌తోనో కట్టించడం మేలు. భాగం కట్టలేనివారి మీద కోపం పనికిరాదు. జబ్బులు వస్తాయి, వ్యాపారాలు దెబ్బతింటాయి. వాళ్ల పెట్టుబడిలో కొంత తగ్గించి మిగిలింది వెనక్కి ఇచ్చే పద్ధతి ముందే ఉంటే, స్నేహం మిగులుతుంది.

గాయం, విరమణ అనే రెండు ప్రశ్నలు మాత్రం గుర్రం పక్షాన అడగాల్సినవి. డ్రీమ్ అలయన్స్‌కు 2008లో ఎయింట్రీ పందెంలో కాలి స్నాయువు తెగినప్పుడు, అప్పటికి కొత్తదైన స్టెమ్ సెల్ చికిత్స చేయించారు. దాదాపు 20 వేల పౌండ్లు అయింది. వెల్ష్ గ్రాండ్ నేషనల్ గెలుపు దాని తర్వాతే. ప్రతి గాయానికీ అలా ఖర్చు పెట్టగలమని కాదు, ఎంతవరకు పెట్టగలమో ముందే ఒక అంకె అనుకోవాలి. నొప్పితో ఉన్న గుర్రం చుట్టూ చేరి బేరం ఆడే పరిస్థితి రాకూడదు. పందేలు అయిపోయాక మిగిలే జీవితం ఇంకా పెద్దది. పందెపు జాతి గుర్రం పాతికేళ్ల దాకా బతుకుతుంది, పరిగెత్తేది అందులో కొన్నేళ్లే. ఫనీ సైడ్ 2007లో విరమించి, 2008 నుంచి కెంటకీ హార్స్ పార్క్‌లో ఉండి, 2023లో 23వ ఏట చనిపోయింది. పేరున్న గుర్రానికి అలాంటి చోటు దొరుకుతుంది. పేరు లేని గుర్రానికి భాగస్వాములే చోటు చూడాలి. గెలిచిన ప్రతి బహుమతిలోంచి కొంత శాతం, అది లేనప్పుడు నెల వంతులోంచి కొంత, విరమణ ఖాతాలో వేయాలి. ఆ ఖాతాను గుర్రం కొన్న రోజునే తెరవాలి, ఎందుకంటే గుర్రం ఆగిపోయిన రోజున డబ్బు అడిగితే చాలామంది ఫోన్ ఎత్తరు.

ఇన్ని ప్రశ్నలు కూర్చుని మాట్లాడుకుంటే సరదా పోదా అంటే, కొందరికి పోతుంది. విరమణ ఖర్చు మాట ఎత్తగానే వెనక్కి తగ్గేవారు ఉంటారు. అమ్మకం విషయంలో ఎవరి మాటా విననని చెప్పేవారు ఉంటారు. వేలంలో చెయ్యి ఎత్తకముందే ఇది తెలియడం అందరికీ మేలు. వెనక్కి తగ్గినవారితో స్నేహం తెంచుకోనక్కర్లేదు, మైదానానికి కలిసి వెళ్లవచ్చు. ఇంకా తేల్చుకోలేకపోతున్న గుంపు, మొదట్లో గుర్రాన్ని కొనకుండా ఒక సీజన్‌కు లీజుకు తీసుకుని చూడవచ్చు. లీజులో గుర్రం అసలు యజమానిదే కాబట్టి అమ్మకం, స్టడ్ ప్రశ్నలు రావు. ఖర్చు, పందెం ఎంపిక, బహుమతి పంపకం అన్న మూడింటి మీద ఐదుగురూ ఎలా మసలుకుంటారో ఆ ఒక్క సీజన్‌లో బయటపడుతుంది. ఆ తర్వాత ఒప్పందం రాయడానికి కూర్చుంటే, ఎవరికి ఏది ముఖ్యమో ఊహించుకోవాల్సిన పని ఉండదు.